మేడ మీది గదిలో లూయిజె: వైమార్ యాత్ర

గురువారం

లైప్‌జిగ్ నుంచి వైమార్‌కి రీజనల్ రైల్లో గంటకు పైనే పడుతుంది. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉన్నవాళ్లు విడిగా టికెట్ కొనక్కర్లేదు కాబట్టి రైలు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. మా పెద్దమ్మ కూతురు రాజమండ్రిలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైంది. "జర్మనీలో ఏం చూస్తావక్కా?" అంటే బెర్లిన్ గోడ అంటుందనుకున్నాను. వైమార్ అంది.

"జర్మన్ కవి గోథే ఇల్లేనా?"

"ఆయన ఇల్లు చూడ్డానికి బోలెడంతమంది జనం ఉన్నారులేవే. ఆయన రాసింది కూర్చుని కాపీ చేసిందే, ఆవిడ ఉన్న చోటు చూపించు."

ఆవిడ పేరు లూయిజె ఫాన్ గ్యోఖ్‌హౌజెన్. 1752లో ఐజెనాఖ్‌లో పుట్టింది. తండ్రి అక్కడి కోట అధికారి. మనిషి బాగా పొట్టి, వెన్ను వంకర. పెళ్లి కాలేదు. మొదట కార్ల్స్‌రూయెలో బాడెన్ పాలకుడి భార్య కొలువులో కొన్నాళ్లు చేసింది. 1775 ప్రాంతంలో వైమార్‌లో డచెస్, అంటే అక్కడి రాణి, ఆన్నా అమాలియా దగ్గరికి వచ్చింది. 1783లో ఆమెకు ప్రధాన సహచరి అయింది. పోయేదాకా అక్కడే ఉంది.

కొలువులో సహచరి అంటే పనిమనిషి అనుకోకూడదు. కులీన కుటుంబంలో పుట్టినవాళ్లకే ఆ ఉద్యోగం. డచెస్ భోంచేస్తుంటే పక్కన కూర్చోవాలి, పుస్తకం చదివి వినిపించాలి, ఉత్తరాలు రాయాలి, పేకాటకి చెయ్యి తక్కువైతే కూర్చోవాలి, ప్రయాణమంటే వెంట బయల్దేరాలి. జీతం ఉంటుంది, గది ఉంటుంది, మర్యాద ఉంటుంది. టైమ్ మాత్రం తనది కాదు.

స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిచే వెళ్లాం. ఈరోజు వైమార్ జనాభా 65 వేల దాకా ఉంటుంది. లూయిజె వచ్చిన కాలానికి ఆరు వేలు. అంత చిన్న ఊళ్లోనే వీలండ్, గోథే, హెర్డర్, ఆ తర్వాత షిల్లర్ లాంటి పెద్ద రచయితలు కాపురం పెట్టారు. దానికి బీజం వేసింది ఆన్నా అమాలియా. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్‌కి స్వయానా మేనకోడలు. 16 ఏళ్లకు పెళ్లి, 18 ఏళ్లకు వైధవ్యం. భర్త పోయేటప్పటికి చంకలో ఒక కొడుకు, కడుపులో ఇంకొకడు. 1759 నుంచి 1775 దాకా పెద్దకొడుకు కార్ల్ ఆగుస్ట్ తరఫున రాజ్యం తనే నడిపింది. పిల్లాడికి చదువు చెప్పడానికి 1772లో కవి వీలండ్‌ని పిలిపించింది. పిల్లాడు డ్యూక్ అయ్యాక 1775 నవంబరులో గోథేని పిలిపించుకున్నాడు.

1774 మే నెలలో పెద్ద రాజభవనం కాలిపోయింది. డచెస్ తన మంత్రి ఫ్రిచ్ కట్టించుకున్న ఇంట్లోకి మారింది. అదే విట్టూమ్స్‌పాలే, అంటే వైధవ్యంలో ఉన్న రాణి నివాసం. థియేటర్ స్క్వేర్ పక్కనే. స్క్వేర్ మధ్యలో 1857లో నిలబెట్టిన గోథే, షిల్లర్ జంట విగ్రహం, దాని చుట్టూ సెల్ఫీల జనం. అక్క విగ్రహం వైపు తల కూడా తిప్పలేదు. నేరుగా వెళ్లి ఆ పసుపు గోడల ఇంటి ఎదురుగా నిలబడి, పైకప్పులోంచి బయటికి పొడుచుకొచ్చిన చిన్న కిటికీల వంక చూసింది. లూయిజె ఉన్నది పైకప్పు కింది గదుల్లోనే. శనివారం పొద్దున్నపూట అక్కడికి టిఫినుకి స్నేహితుల్ని పిలిచేది. కింది అంతస్తుల్లో డచెస్ గారి సభ, మేడ మీద లూయిజె సభ. మెట్లన్నీ ఎక్కి పైకి వచ్చినవాళ్లు ఆమె కోసం వచ్చినట్టే కదా.

శుక్రవారం

విట్టూమ్స్‌పాలే లోపలికి వెళ్లాం. రాజభవనం అంటే మన మనసులో మెదిలే వైభవం ఇక్కడ ఉండదు. డబ్బున్నవాళ్ల పెద్ద ఇల్లులా ఉంటుంది. లేతరంగు గోడలు, సన్నకాళ్ల కుర్చీలు, అడుగేస్తే కిర్రుమనే చెక్క నేల. అక్క ఎక్కువసేపు ఆగింది 'టాఫెల్‌రుండె' గదిలో. డచెస్ సాయంత్రం పూట బల్ల చుట్టూ మనుషుల్ని కూర్చోబెట్టుకున్న గది. చిత్రకారుడు క్రౌస్ 1795 ప్రాంతంలో ఆ బల్లని నీటిరంగుల్లో వేశాడు. పోస్ట్‌కార్డు రూపంలో ఊరంతా దొరుకుతుంది. డచెస్ కూర్చుని బొమ్మ వేస్తోంది. గోథే ఉన్నాడు, డచెస్ కొలువు అధికారి ఐన్సీడెల్ ఉన్నాడు, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన గోర్ గారూ ఆయన కూతుళ్లిద్దరూ ఉన్నారు. కుడివైపు కొసన హెర్డర్, ఆయన పక్కన లూయిజె.

ఈ బల్ల ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఆ కాలపు పద్ధతి తెలియాలి. డ్యూక్ భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలంటే కులీనులై ఉండాలి. మంత్రి పదవిలో ఉన్నా సరే, గోథేకి 1782లో 'ఫాన్' బిరుదు ఇప్పించాకే ఆ హోదా పూర్తిగా దక్కింది. షిల్లర్ పెళ్లాం షార్లొట్టె కులీన కుటుంబం పిల్ల, మామూలు మనిషిని చేసుకున్నందుకు కొలువులో ప్రవేశం పోగొట్టుకుంది. 1802లో షిల్లర్‌కి బిరుదు వచ్చాకే ఆమె మళ్లీ లోపలికి అడుగు పెట్టగలిగింది.

"పుట్టింటి హోదా కూడా పోయేదా?" అంది అక్క.

"మొగుడి బట్టే హోదా అక్కా."

"ఎక్కడైనా అంతేలే," అని గదిలో ఉన్న కాపలా అమ్మాయికి నమస్కారం పెట్టి ముందుకు నడిచింది.

డచెస్ ఇంట్లో ఈ కట్టుబాటు కాస్త వదులు. కొడుక్కి రాజ్యం అప్పగించాక ఆవిడకి అధికారిక కొలువు బాధ లేదు. కవి, చిత్రకారుడు, గాయని, కులీనురాలు ఒకే దీపం దగ్గర చేరేవాళ్లు. ఆవిడకి సంగీతం కూడా బాగా వచ్చు. గోథే రాసిన 'ఎర్విన్ ఉండ్ ఎల్మీరె'కి బాణీలు కట్టి 1776లో ఆడించింది. ఇంకో విశేషం భాష. జర్మన్ కులీనులు అప్పటికి ఫ్రెంచిలోనే ముచ్చట్లాడుకుని, ఫ్రెంచిలోనే ఉత్తరాలు రాసుకునేవాళ్లు. ఫ్రెడరిక్ రాజుగారైతే జర్మన్ సాహిత్యం ఇంకా ఎదగలేదని 1780లో ఫ్రెంచిలో ఒక చిన్న పుస్తకమే రాశాడు. అదే సమయంలో ఆయన మేనకోడలి ఇంట్లో జర్మన్ కవిత్వం పొంగుతోంది. మేనమామగారికి కబురు అందినట్టు లేదు.

ఈ సభలో లూయిజెకి పెట్టిన ముద్దుపేరు తుస్నెల్డా. రోమన్లతో పోరాడిన జర్మన్ వీరుడి భార్య పేరది. వెన్ను వంగిన పొట్టి మనిషికి ఆ పేరు పెట్టడంలో వెటకారం ఉంది. ఒక కథ కూడా చెబుతారు. ఆమె గది తలుపుని కార్ల్ ఆగుస్ట్, గోథే కలిసి గోడలా కప్పించేశారట. రాత్రి దీపం పట్టుకుని వచ్చిన మనిషికి తన గది ఎక్కడుందో తెలియక తిరిగిందట. ఎంతవరకు నిజమో గానీ పుస్తకాల్లో దీన్ని సరదా ముచ్చటగా చెప్పుకుంటారు. అక్క నవ్వలేదు. "ర్యాగింగ్," అంది. నాకూ అలాగే అనిపించింది. ఆడుకునేది డ్యూక్ అయినప్పుడు నవ్వకుండా ఉండే వీలు జీతానికి కూర్చున్న మనిషికి ఉంటుందా? ఆమె ఊరుకునే రకం కాదనీ, మాటకు మాట వడ్డించేదనీ మాత్రం అందరూ రాశారు. గోథే తల్లి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఆమెతో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపింది. ఇద్దరికీ వేళాకోళంలో సరిజోడి.

మధ్యాహ్నం బంగాళదుంప ఉండలు, పుట్టగొడుగుల గ్రేవీ. వైమార్ ఉన్న థురింగియా రాష్ట్రం అంటే బ్రాట్‌వుర్స్ట్ సాసేజే. శాకాహారులకి ఈ ఉండలే దిక్కు. అక్క సంచిలోంచి పులిహోర డబ్బా తీయబోతే ఇక్కడ వద్దని బతిమాలాను.

తర్వాత లైబ్రరీ. పాత 'ఆకుపచ్చ కోట'ని ఆన్నా అమాలియా 1761 నుంచి 1766 మధ్య పుస్తకాల ఇల్లుగా మార్పించింది. 1991 నుంచి దానికి ఆమె పేరే. రొకొకో హాలులోకి రోజుకి ఇంతమందినే అని లెక్క పెట్టి పంపుతారు, ముందే టికెట్ తీసుకోవడం మంచిది. బూట్ల మీద పెద్ద ఫెల్ట్ చెప్పులు తొడుక్కుని నేల మీద జారుతూ నడవాలి. తెలుపు, లేత నీలం, బంగారు గీతలు, అండాకారంలో స్తంభాలు, వాటి వెనక అరలు.

2004 సెప్టెంబరు 2 రాత్రి ఇక్కడ నిప్పంటుకుంది. పైకప్పు పోయింది. 50 వేల పుస్తకాలు బూడిదయ్యాయి, ఇంకో 62 వేలు మంటకీ నీళ్లకీ పాడయ్యాయి. డచెస్ సేకరించిన సంగీత ప్రతుల్లో చాలావరకు పోయాయి. 1534 నాటి లూథర్ బైబిల్‌ని డైరెక్టర్ తనే లోపలికి వెళ్లి తెచ్చాడు. మిగిలినవి చేతికి చెయ్యి అందించుకుంటూ ఊరి జనం బయటికి మోశారు. 2007 అక్టోబరు 24న మళ్లీ తెరిచారు. అది ఆన్నా అమాలియా పుట్టినరోజు.

ఈ ఊరికి 20 కిలోమీటర్ల దూరంలో యేనా యూనివర్సిటీ ఉంది. షిల్లర్ అక్కడ చరిత్ర పాఠం చెప్పాడు. డచెస్ గానీ, లూయిజె గానీ విద్యార్థిగా ఆ బెంచీ మీద కూర్చునే వీల్లేదు. యేనాలో ఆడవాళ్లని విద్యార్థులుగా చేర్చుకోవడం మొదలైంది 1907లో. లూయిజె పోయింది 1807లో. హాలేలో డోరొథేయా ఎర్క్స్‌లేబెన్ అనే ఆవిడ 1754లో వైద్యంలో డాక్టరేట్ తెచ్చుకుంది గానీ దానికి సాక్షాత్తూ రాజుగారి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. మిగతావాళ్లకి చదువంటే ఇంట్లో దొరికిన పుస్తకాలు, ఎవరైనా ఓపికగా చెబితే నాలుగు పాఠాలు, ఇదిగో ఇలాంటి బల్ల దగ్గర చెవిన పడ్డది.

శనివారం

టీఫుర్ట్‌కి ఇల్మ్ నది వెంట నడిచి వెళ్లాలి, బస్సు ఉన్నా సరే. నది పేరుకే నది, మన పంటకాలువంత ఉంటుంది. దారంతా నీడ. గంట నడిస్తే ఒక పల్లె, పార్కు, చిన్న ఇల్లు. కౌలుదారు కోసం కట్టిన ఇంటిని మొదట చిన్నకొడుకు కోన్‌స్టాంటిన్‌కి ఇచ్చారు. 1781 నుంచి వేసవి వస్తే డచెస్ మకాం ఇక్కడే. తక్కువ ఎత్తు గదులు. గుర్రాలూ దాసీలూ సామాన్లతో ఇంతమంది ఎక్కడ సర్దుకున్నారా అనిపిస్తుంది.

ఆ 1781లోనే ఇక్కడ ఒక పత్రిక పెట్టారు, 'జర్నల్ ఫాన్ టీఫుర్ట్'. అచ్చు లేదు. రచయితల పేర్లు వేయరు. చేత్తో రాసిన డజను లోపు ప్రతులు స్నేహితుల మధ్య తిరిగేవి. మన హాస్టళ్లలో పిల్లలు నడిపే లిఖిత పత్రికల్లాంటిదే, కాకపోతే దీనికి రాసేవాళ్లు గోథే, హెర్డర్, వీలండ్. గోథే 'దాస్ గ్యోట్లిఖె' పద్యం మొదట వెలుగు చూసింది ఈ చేతిరాత పేజీల్లోనే. 1784 దాకా నడిచింది. దాన్ని నడిపినవాళ్లలో లూయిజె ముఖ్యురాలు. రచనలు అడిగి తెప్పించడం, సర్దడం, రాయించడం అన్నీ ఉంటాయి కదా. పత్రిక నడిపినవాళ్లకి ఆ టెన్షన్ తెలుస్తుంది. అక్క కాలేజీ మ్యాగజైన్ ఏళ్ల తరబడి చూసుకుంది, "చివరి నిమిషంలో ఇచ్చేది పేరున్నవాళ్లే," అంది.

ఏటి ఒడ్డునే 1782 జులై 22 రాత్రి గోథే నాటకం 'దీ ఫిషరిన్' ఆడారు. స్టేజీ లేదు. నదీ చెట్లే రంగస్థలం. తప్పిపోయిన పిల్ల కోసం వెతికే సీనులో ఒడ్డు పొడవునా కాగడాలు వెలిగించారు. నాయిక వేషం వేసింది గాయని కొరోనా ష్రోటర్. సంగీతం కూడా ఆమెదే. నాటకం మొదట్లో ఆమె పాడిన పాట 'ఎర్ల్‌క్యోనిగ్'. తర్వాత స్వరకర్త షూబెర్ట్ బాణీతో లోకమంతా విన్న ఆ పద్యానికి మొట్టమొదట రాగం కట్టింది ఈమె. ఆ చోటులో నిలబడి ఫోన్లో షూబెర్ట్ పాట పెట్టాను. అక్క కట్టేయమంది.

పార్కులో రాళ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. 1785లో ఓడర్ వరదల్లో జనాన్ని కాపాడబోయి మునిగిపోయిన తమ్ముడు లేయోపోల్డ్‌కి డచెస్ ఒక స్మారకం పెట్టించింది. 1799లో మోత్సార్ట్‌కి ఒకటి. హెర్డర్‌కీ ఒకటి ఉంది. కాళిదాసు శాకుంతలం 1791లో గియోర్గ్ ఫోర్‌స్టర్ జర్మన్‌లోకి తెస్తే మురిసిపోయి వ్యాసాలు రాసిన హెర్డర్ ఇతనే. గోథే కూడా శకుంతల మీద ఓ పద్యం కట్టాడు. అక్క పులిహోర డబ్బా తెరిచింది అక్కడి బల్ల మీదే. ఈసారి నేనూ అడ్డు చెప్పలేదు.

తింటూ ఆమె మొదటినుంచీ అడుగుతున్న కథ మాట్లాడుకున్నాం. గోథే వైమార్ వచ్చేనాటికే సైతానుతో ఒప్పందం చేసుకున్న పండితుడి కథ, ఫౌస్ట్ నాటకం, సగం రాసి తెచ్చుకున్నాడు. సభల్లో చదివి వినిపించేవాడు. లూయిజె ఆ రాతప్రతి తీసుకుని తన కోసం కాపీ చేసుకుంది. ఆ రోజుల్లో నచ్చినదాన్ని దాచుకోవాలంటే చేత్తో రాసుకోవడం ఒక్కటే దారి. ఏళ్లు గడిచాయి. గోథే దాన్ని మార్చి మార్చి 1790లో కొంతభాగం, 1808లో మొదటి భాగం అచ్చు వేయించాడు. పాత ప్రతి మిగల్లేదు. 1887లో ఎరిష్ ష్మిట్ అనే పండితుడు డ్రెస్డెన్‌లో లూయిజె అన్నదమ్ముల వంశం వాళ్లింట్లో ఆమె కాగితాలు తిరగేస్తుంటే ఈ కాపీ బయటపడింది. ఈరోజు 'ఉర్‌ఫౌస్ట్', అంటే తొలి ఫౌస్ట్, అని చదివేది దాన్నే.

ఇందులో ఫౌస్ట్ వేరే మనిషి. లైప్‌జిగ్ ఔఅర్‌బాఖ్ సారాయి కొట్టు సీను ఉంది కదా, బల్లలోంచి వైన్ కారించే గారడీ అచ్చు పుస్తకంలో సైతాను మెఫిస్టో చేస్తాడు. ఇక్కడ ఫౌస్టే చేస్తాడు. చివర జైలు సీను వచనంలో ఉంది. ఫౌస్ట్ ప్రేమించిన పిల్ల, బిడ్డని చంపిన గ్రెట్‌ఖెన్‌ని చూపించి మెఫిస్టో "శిక్ష పడింది" అంటాడు. అచ్చులో అయితే ఆ వెంటనే పైనుంచి "రక్షణ దొరికింది" అని ఒక గొంతు వినిపిస్తుంది. లూయిజె కాపీలో ఆ గొంతు లేదు. నాకైతే ఈ ముగింపే నిజాయితీగా అనిపిస్తుంది. కుర్రవాడిగా ఉన్నప్పుడు గోథే దయ చూపించలేదు, తర్వాత మనసు మార్చుకున్నాడు. ఆమె కాపీ చేయకపోతే ఆ మార్పు మనకు తెలిసేది కాదు.

ఈ సహచరి ఉద్యోగంలో ఒక గొప్ప సెలవు కూడా ఉంది. 1788 ఆగస్టులో డచెస్ ఇటలీ బయల్దేరింది. వెంట లూయిజె, ఐన్సీడెల్. రోము, నేపుల్స్ చూసుకుని 1790లో తిరిగొచ్చారు. లూయిజె డైరీ రాసింది. ఒంటరి ఆడమనిషికి, అందులోనూ ఆమె ఒంటి తీరుకి, ఆల్ప్స్ దాటి రెండేళ్లు తిరగడం సొంతంగా అయ్యే పని కాదు. వెనక్కి తీసుకురావడానికి గోథే వెనిస్ దాకా ఎదురెళ్లాడు.

ఎట్టర్స్‌బుర్గ్ కోట వదిలేశాం. 1776 నుంచి 1780 దాకా డచెస్ వేసవులు అక్కడే గడిచాయి. ఆ కొండ మీదే 1937లో నాజీలు బూఖెన్‌వాల్డ్ క్యాంపు కట్టారు. నాటకాల ముచ్చట కోసం వెళ్లి దాన్ని దాటుకుని రావడం అక్కకి ఇష్టం లేదు. క్యాంపు చూడాలంటే ఆ ఒక్కదాని కోసమే రావాలంది.

ఆదివారం

పొద్దున్న యాకోబ్స్ శ్మశానం. పాత సమాధులు కొన్నే మిగిలాయి. చిత్రకారుడు క్రానాఖ్, గోథే భార్య క్రిస్టియానె, లూయిజె ఇక్కడే ఉన్నారు. ఆన్నా అమాలియా మాత్రం ఊరి పెద్ద చర్చిలో. 1806 అక్టోబరులో యేనా యుద్ధం అయ్యాక ఫ్రెంచి సైన్యం వైమార్‌ని దోచింది. 1807 ఏప్రిల్ 10న డచెస్ పోయింది. ఆ సెప్టెంబరులో లూయిజె పోయింది. ఫౌస్ట్ మొదటి భాగం అచ్చు ఆమె చూడలేదు.

తర్వాత ఒక స్నేహితుడి కారులో గ్రోస్‌కోఖ్‌బెర్గ్. వైమార్‌కి దక్షిణంగా దాదాపు 30 కిలోమీటర్లు. కందకం మధ్య కోట, షార్లొట్టె ఫాన్ స్టైన్ అత్తవారిది. ఈవిడదీ ఐజెనాఖే. లూయిజె కంటే ముందు, పదిహేనూ పదహారేళ్లప్పుడే ఆన్నా అమాలియా దగ్గర సహచరిగా చేరింది. 1764లో డ్యూక్ అశ్వశాలల అధికారిని పెళ్లి చేసుకుంది. ఏడుగురు పిల్లలు. నలుగురు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. గోథేతో స్నేహం ఆ తర్వాత.

ఆమె రాతబల్ల మీద గోథే 1775 డిసెంబరు 6 తారీకు వేసి తన పేరు రాశాడు. కొత్తగా వచ్చిన ఇంట్లో, మొదటిసారే, బల్ల మీద. దగ్గరగా వంగి చూస్తే సిరా గీత కనిపిస్తుంది. పదేళ్లలో ఆమెకి 1700 దాకా ఉత్తరాలు రాశాడు. 1786లో చెప్పకుండా ఇటలీ వెళ్లిపోయాడు. ఆమె తన ఉత్తరాలు వెనక్కి ఇమ్మని తీసుకుని నాశనం చేసింది. కాబట్టి మనకి ఉన్నవి ఆయన జవాబులే, ప్రశ్నలు లేవు.

"అడిగి తీసుకోవడం మంచి పని," అంది అక్క. "లేకపోతే ఈపాటికి ఆవిడవీ పోస్ట్‌కార్డులు వేసేవాళ్లు."

నాకు మాత్రం ఉంటే బాగుండేదనిపించింది. ఆమె కోపం తెలియాలంటే 1794లో రాసిన 'డీడో' నాటకం ఉంది. అందులో గొప్పలు పోయే ఓగాన్ అనే కవి పాత్ర ఎవరో వైమార్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆమె 1827లో పోయింది, నాటకం 1867లో అచ్చయింది. కారు ఆరింటికల్లా తిరిగి ఇవ్వాలి కాబట్టి కోట వెనక తోటలోని చిన్న థియేటర్‌ని కిటికీలోంచే చూసి బయల్దేరాం. లైప్‌జిగ్ రైల్లో అక్కకి సీటు దొరికింది, నాకు దొరకలేదు.